లీటరుకు రెండున్నర: కార్బన్ సొమ్ము ఏ పద్దు పట్టుకుని పొలం చేరుతుంది?

శుక్రవారం రాత్రి బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ దగ్గర మదనపల్లె, చిత్తూరు, తిరుపతి బస్సుల కోసం జనం నిలబడి ఉంటారు. హెబ్బాళ దగ్గర హిందూపురం, అనంతపురం, కర్నూలు బస్సుల కోసం ఇంకొంత మంది. రెండు చోట్లా చెవిన పడే మాటల్లో సగం తెలుగే. నలుగురు కలిసి కారులో పోయేవాళ్లు ఊరు దాటే ముందు బంకులో ఆగి పెట్రోల్ పోయించుకుంటారు. 30 లీటర్లు పోయిస్తే అందులో 75 రూపాయలు వ్యవసాయం పేరు మీద కేంద్రానికి వెళ్తాయి. ఆ కారు పోయేది చాలాసార్లు తమ పొలం ఉన్న ఊరికే. రైతు కోసం తాము పన్ను కట్టామన్న సంగతి ఆ నలుగురికీ తెలిసి ఉండకపోవచ్చు. ఊళ్లో ఆ పొలం దున్నుతున్న మనిషికైతే అసలే తెలియదు.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో వచ్చిన ఈ వసూలు పేరు వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు. సెస్సు అంటే ఫలానా పని కోసమని చెప్పి వేసే అదనపు పన్ను. పెట్రోల్ మీద లీటరుకు 2 రూపాయల 50 పైసలు, డీజిల్ మీద 4 రూపాయలు. అదే రోజు మిగతా ఎక్సైజ్ సుంకాలను అంతే మేరకు తగ్గించారు కాబట్టి బంకులో ధర పెరగలేదు, ఎవరూ గొడవ చేయలేదు, ఎవరికీ గుర్తూ లేదు.

దీన్ని కార్బన్ పన్ను అని ఎవరూ అనలేదు. మన దేశంలో ఆ పేరుతో పన్ను లేదు. కానీ పేరు పక్కన పెట్టి లెక్క చూస్తే కార్బన్ పన్ను చేసే పనే ఇదీ చేస్తోంది. కార్బన్ పన్ను అంటే ఇంధనం కాల్చినప్పుడు గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌కు టన్నుకు ఇంత అని వెల కట్టడం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోలు, లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోలు వెలువడుతుంది. ఆ లెక్కన డీజిల్ మీది ఈ ఒక్క సెస్సే టన్నుకు దాదాపు 1,480 రూపాయలు, పెట్రోల్ మీద దాదాపు 1,090 రూపాయలు పడుతున్నట్టు. బొగ్గు మీద చాలాకాలం వేసిన సెస్సు టన్ను బొగ్గుకు 400 రూపాయలు. టన్ను బొగ్గు కాలిస్తే టన్నున్నర దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుందనుకుంటే, టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 270 రూపాయల లోపే. ట్రాక్టర్‌లో పోసే డీజిల్ మీద, థర్మల్ కేంద్రంలో మండే బొగ్గు మీద అప్పట్లో పడినదాని కన్నా ఐదింతలకు పైగా భారం.

బొగ్గు సెస్సు కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే పేరు ఒకటి, ఖర్చు ఇంకొకటి అయితే ఏమవుతుందో అది చూపిస్తుంది. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలైంది. శుభ్రమైన ఇంధనాల కోసం జాతీయ నిధి పెడతామన్నారు. 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు పెరిగింది. 2017–18 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు. ఆ నిధికి మళ్లించింది 30 వేల కోట్ల లోపు, నిజంగా ఖర్చుపెట్టింది 16 వేల కోట్ల లోపు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక ఆ 400 రూపాయలు రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలో కలిసిపోయాయి, 2025 సెప్టెంబరులో ఆ సెస్సు కూడా పోయి బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. శుభ్రమైన ఇంధనం అన్న మాట దారి మధ్యలో ఎక్కడో జారిపోయింది.

సెస్సులన్నిటిదీ ఇదే తీరు. 2018–19లో 35 రకాల సెస్సులు, రుసుముల కింద దాదాపు 2.75 లక్షల కోట్లు వసూలైతే, వాటికోసం పెట్టిన నిధులకు చేరింది సుమారు 1.64 లక్షల కోట్లేనని కాగ్ తేల్చింది. మిగతాది కన్సాలిడేటెడ్ ఫండ్‌లోనే, అంటే కేంద్రం ఉమ్మడి ఖజానాలోనే ఉండిపోయింది. దొంగతనం కాదు, కానీ ఏ రూపాయి ఎక్కడికి పోయిందో చెప్పే దారి లేదు.

కార్బన్ సొమ్మును సేద్యానికి మళ్లించాలనుకునే ప్రతి ప్రభుత్వానికీ అసలు చిక్కు ఇక్కడే. పన్ను వేయడం ఒక్క నోటిఫికేషన్‌తో అయిపోతుంది. తిరిగి ఇవ్వాలంటే మాత్రం ఎవరికి, ఎంత, దేన్ని చూసి అన్నది తేల్చుకోవాలి. సొమ్ము ఎప్పుడూ ఏదో ఒక కాగితం పట్టుకునే నడుస్తుంది. కొన్ని చోట్ల అది గ్యాస్ బిల్లు, కొన్ని చోట్ల ఖర్చుల పద్దు, ఇంకొన్ని చోట్ల పొలానికి వేసిన మార్కు. ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిదే.

గ్యాస్ బిల్లు పట్టుకుని నడిచింది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా. ఆ రాష్ట్రం 2008 జులైలో టన్నుకు 10 డాలర్లతో కార్బన్ పన్ను మొదలుపెట్టి 2012 నాటికి 30 డాలర్లకు పెంచింది. అక్కడ టమాటా, క్యాప్సికమ్ పండించేది గాజు ఇళ్లలో. చలికాలం లోపల వేడి కోసం సహజవాయువు మండిస్తారు. తమాషా ఏమిటంటే, ఆ మండించగా వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కూడా గొట్టాలతో లోపలికే వదులుతారు, మొక్కలు బాగా ఎదగడానికి. పన్ను పడ్డ పొగలో కొంత టమాటాలోకే పోతోందన్నమాట. సరిహద్దు అవతల అమెరికా రైతుకు ఆ పన్ను లేదు, ఇవతలి రైతు పోటీ పడలేడు. గోల పెరిగాక 2012లో ఒకసారికి 76 లక్షల డాలర్ల సాయం చేసి, తర్వాత కట్టిన పన్నులో 80 శాతం తిరిగిచ్చే పద్ధతి పెట్టారు. మిగిలిన 20 శాతాన్ని కావాలనే వదిలేశారు, గ్యాస్ పొదుపు చేస్తే ఎంతో కొంత మిగలాలి కదా అని. పొలంలో వాడే రంగు కలిపిన డీజిల్‌కు 2014 నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చారు. రంగు ఎందుకంటే, ఆ డీజిల్ రోడ్డు మీద తిరిగే లారీలో దొరికితే పట్టుకోవడానికి.

ఈ పద్ధతి సులువు, బిల్లు ఉంటే చాలు. లోపం కూడా అందులోనే ఉంది. ఎంత ఎక్కువ కాలిస్తే అంత ఎక్కువ తిరిగొస్తుంది.

ఆ లోపాన్ని తప్పించడానికి కెనడా కేంద్ర ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. కేంద్ర పన్ను అమలైన రాష్ట్రాల్లో ట్రాక్టర్ డీజిల్, పెట్రోల్‌కు మినహాయింపు ఉండేది, ధాన్యం ఆరబెట్టే గ్యాస్‌కు, కొట్టాలు వేడిచేసే గ్యాస్‌కు లేదు. వాటి భారానికి బదులుగా, కాల్చిన ఇంధనంతో పని లేకుండా, సేద్యం మీద పెట్టిన ఖర్చుకు ఇంత అని 2021 నుంచి తిరిగిచ్చారు. ఆ ఏడు ప్రతి 1,000 డాలర్ల ఖర్చుకు 1 డాలరు 47 సెంట్లు, మరుసటి ఏడు 1 డాలరు 73 సెంట్లు. 5 లక్షల డాలర్ల ఖర్చుతో సేద్యం చేసే రైతుకు మొదటి ఏడు దక్కింది 735 డాలర్లు. కాగితం మీద ఇది చాలా తెలివైన పద్ధతి. పొదుపు చేసినవాడికి పన్ను తగ్గుతుంది, వాపసు మాత్రం తగ్గదు. కానీ కోతల వేళ వానలు కురిసి మొక్కజొన్న తడిసిన ఏడాది, రాత్రింబవళ్లు గ్యాస్ పెట్టి ఆరబెట్టుకున్న రైతుకు ఆ సగటు లెక్క ఏం ఊరటనిస్తుంది? గ్యాస్‌కూ మినహాయింపు కావాలని తెచ్చిన బిల్లు 2023లో దిగువ సభ దాటి, పై సభ సవరణల్లో చిక్కుకుని చట్టం కాలేదు. చివరికి 2025 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారుల మీది కార్బన్ పన్నునే ఎత్తేశారు, బ్రిటిష్ కొలంబియా కూడా అదే రోజు మానేసింది. రైతుల కోపం ఒక్కటే కారణం కాకపోయినా, అందులో వాటా లేదనలేం.

ఐర్లాండ్‌ది మూడో దారి. అక్కడ 2010లో టన్నుకు 15 యూరోలతో కార్బన్ పన్ను వచ్చింది. 2020లో చట్టం చేసి, ఏటా 7 యూరోల 50 సెంట్ల చొప్పున పెంచుతూ 2030 నాటికి 100 యూరోలకు చేర్చాలని రాసుకున్నారు. రాసుకున్నది రేటు ఒక్కటే కాదు. పెంపు వల్ల పదేళ్లలో అదనంగా వచ్చే 950 కోట్ల యూరోల పంపకం కూడా ముందే ప్రకటించారు. 500 కోట్లు ఇళ్లను చలికి తట్టుకునేలా బాగుచేయడానికి, 300 కోట్లు పేదల సామాజిక భద్రతకు, 150 కోట్లు పర్యావరణానికి మేలు చేసే సేద్యానికి. దాని వెంట 2022లో రైతులకు ఒక పథకం మొదలైంది. కొన్ని రకాల భూములకు అందులో మార్కులు వేస్తారు. మనిషి వచ్చి చూసి, ఎన్ని రకాల గడ్డి మొక్కలున్నాయి, కంచె చెట్లు ఎలా ఉన్నాయి, మట్టి దెబ్బతిన్నదా అని పదికి ఇంత అని వేస్తాడు. మార్కు పెరిగే కొద్దీ సొమ్ము పెరుగుతుంది.

ఇందులో రైతుకు ఇస్తున్నది నష్టపరిహారం కాదు, కూలి. ప్రభుత్వం రైతు దగ్గర ఒక పని కొంటోంది. ఈ మూడింటిలో నిలబడే పద్ధతి ఏదంటే ఇదేననిపిస్తుంది. ఎందుకంటే పన్ను పెరిగిన ప్రతి బడ్జెట్‌లోనూ ఆ 150 కోట్ల మాట మంత్రి నోట రావాల్సిందే. అలాగని అక్కడంతా సాఫీ అనుకోనక్కర్లేదు. మార్కులు వేయడం, కంప్యూటర్‌లో ఎక్కించడం ఆలస్యమై వేలమంది రైతులకు సొమ్ము నెలల తరబడి అందలేదు. 2024 మొదట్లో తాత్కాలికంగా కొంత అడ్వాన్సు ఇచ్చి సర్దుకున్నారు. పైగా అక్కడ ఉద్గారాల్లో మూడో వంతుకు పైగా వ్యవసాయానివే, ముఖ్యంగా ఆవులు వదిలే మీథేన్. ఆ మీథేన్ మీద పన్ను లేదు. కారు నడిపేవాడి డబ్బుతో ఆవుల రైతుకు సాయం జరుగుతోంది.

ఆవు మీదే పన్ను వేసే సాహసం డెన్మార్క్ చేసింది. 2024లో రైతు సంఘాలు, ప్రకృతి పరిరక్షణ సంస్థలు, ప్రభుత్వం ఒకచోట కూర్చుని ఒప్పందానికి వచ్చాయి. 2030 నుంచి పశువుల ఉద్గారాలకు టన్నుకు 300 క్రోనర్లు, 2035 నాటికి 750. అందులో 60 శాతం మినహాయింపు, అంటే చేతి నుంచి పోయేది 120, తర్వాత 300. మొదటి రెండేళ్ల వసూలును ఆ రంగానికే, మార్పు కోసం పెట్టిన నిధిగా తిరిగిస్తారు. న్యూజిలాండ్ ఇదే పనికి రెండుసార్లు పూనుకుని రెండుసార్లూ వెనక్కి తగ్గింది. 2003లో పశువుల మీద చిన్న రుసుము వేసి ఆ డబ్బుతో మీథేన్ పరిశోధన చేయిస్తామంటే, ఒక ఎంపీ ట్రాక్టర్‌ను పార్లమెంటు మెట్ల మీదికి ఎక్కించాడు. ఆ రుసుము కూడా రైతు కోసమేనన్న మాట ఎవరూ వినిపించుకోలేదు. తిరిగొచ్చే రూపాయి కంటికి కనపడకపోతే, పోయే రూపాయే కనపడుతుంది.

కాలిఫోర్నియాది పన్ను కాదు, కంపెనీలకు ఉద్గారాల పర్మిట్లు వేలం వేసే పద్ధతి. కానీ రైతులకు డ్రిప్, మట్టి తేమ కొలిచే సెన్సార్లు, సోలార్ పంపులు ఇవ్వడానికి ఆ వేలం సొమ్ముతో 2014లో మొదలైన పథకం అనంతపురం రైతుకు ఇట్టే అర్థమవుతుంది. నీరు తోడటం తగ్గితే కరెంటు తగ్గుతుంది, ఉద్గారాలూ తగ్గుతాయి. అదే నిధి నుంచి పెద్ద డెయిరీలకు పేడ గ్యాస్ ప్లాంట్లకు ఇచ్చిన డబ్బు మాత్రం పెద్దవాళ్లకే మేలు చేసిందన్న విమర్శ ఇంకా ఉంది.

ఈ లెక్కలన్నీ పట్టుకుని రాయలసీమకు వస్తే బొమ్మ మారిపోతుంది. అక్కడి రైతుకు పన్ను భారం పడే దారే వేరు. మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. టమాటా బాక్సులతో వచ్చే బండి లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తే 15 లీటర్ల డీజిల్, అందులో సెస్సు 60 రూపాయలు. బండిలో 4 టన్నుల సరుకుంటే కిలోకు పైసాన్నర. మండీలో ధర ఒక్క పూటలో తిరగబడే తీరు చూస్తే అది లెక్కలోకే రాదు. ఐదెకరాల రైతు ఏడాదికి దుక్కులకు, రోటవేటర్‌కు 100 లీటర్లు కాల్చాడనుకున్నా 400 రూపాయలు, అదీ బాడుగలో కలిసిపోతుంది. బోరు కరెంటుకు ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి రైతు బిల్లు కట్టడం లేదు. యూరియా తయారయ్యేది సహజవాయువుతో, దాని మీద కార్బన్ పన్ను గట్టిగానే పడాలి. కానీ 45 కిలోల బస్తాకు, పన్నులు, వేప పూత ఖర్చు కాక, 242 రూపాయలని ప్రభుత్వమే ధర బిగించింది. పన్ను వేస్తే పెరిగేది సబ్సిడీ పద్దు, అంటే ప్రభుత్వం కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకున్నట్టే.

కాబట్టి ఇక్కడ కెనడాలాగా పన్ను వాపసు ఇవ్వడానికి పెద్దగా ఏమీ లేదు. ఇవ్వాల్సింది ఉంటే ఐర్లాండ్ ఇచ్చే రకం, మార్పుకు కూలి. దేశం మొత్తం ఉద్గారాల్లో వ్యవసాయం వాటా సుమారు 14 శాతం. అందులో పెద్దవి పశువుల మీథేన్, వరి మడుల మీథేన్, ఎరువుల నైట్రస్ ఆక్సైడ్. వరికి ఆరుతడి పెడితే, అంటే మడిలో నీరు ఎప్పుడూ నిలవనీయకుండా మధ్యమధ్య ఆరనిస్తే, మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం మడిలో పాతి నీటి మట్టం చూసుకుంటే సరిపోతుంది, ఖర్చు లేదు. రైతు ఎందుకు చేయడంటే, కర్నూలు–కడప (కేసీ) కాలువలో నీళ్లు వచ్చినప్పుడే పట్టుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. ఆరబెట్టాక నీళ్లు రాకపోతే పంట పోతుంది. ఆ రిస్కుకు ఎవరో వెల కట్టాలి.

సొమ్ము ఎక్కడ ఉందో చూస్తే, అది ఢిల్లీలో ఉంది. రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల పని. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సెస్సుల్లో ఉండదు. 2025 ఏప్రిల్ పెంపు నాటి లెక్కలో లీటరు పెట్రోల్ మీద కేంద్రం తీసుకున్నది 21 రూపాయల 90 పైసలు, అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1 రూపాయి 40 పైసలే. వ్యవసాయం పేరుతో తీసే రెండున్నరలో, వ్యవసాయం నడిపే రాష్ట్రానికి హక్కుగా పైసా రాదు. గోదాములకు, శీతల గిడ్డంగులకు 2020లో ప్రకటించిన లక్ష కోట్ల వ్యవసాయ మౌలిక వసతుల నిధికీ ఈ సెస్సుకూ పేర్లు ఒకేలా ఉంటాయి. కానీ ఆ నిధి బ్యాంకు రుణం, ప్రభుత్వం భరించేది వడ్డీ రేటులో 3 శాతం మేరకు. రెండు ఎకరాలు కౌలుకు చేసేవాడు శీతల గిడ్డంగి కట్టడు కదా.

ఇక ఆ సొమ్ము ఏదో ఒక రోజు నిజంగా రైతుకు పంచుదామనుకున్నా, మన దగ్గర అది పట్టుకుని నడిచే కాగితం పట్టాదారు పాస్‌బుక్. 2018లో తెలంగాణ రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో మొదలై, తర్వాత 5,000కు పెరిగి, పట్టా ఉన్నవారికే పోయింది. కౌలు రైతుకు రాలేదు. కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయల పీఎం కిసాన్ కూడా భూమి పేరున ఉన్న కుటుంబానికే. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు అది లేదు కాబట్టి, బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాటు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రాదు, కానీ పొలం ఇంకా ఊళ్లోని నాన్న పేరు మీదే ఉంటే నాన్నకు వస్తుంది. దున్నేది మాత్రం ఇంకొకరు. పైగా ఎకరాకు ఇంత అని సాయం ప్రకటిస్తే, వచ్చే ఏడు కౌలు మాట్లాడుకునేటప్పుడు అది కౌలు రేటులోకి ఎక్కే అవకాశమే ఎక్కువ. ఆరుతడికి ఎకరాకు 2,000 ఇస్తారనుకుందాం. అర్ధరాత్రి లేచి మడికి నీళ్లు కట్టేది, ఆపేది కౌలుదారు. డబ్బు పడేది పాస్‌బుక్ ఉన్న ఖాతాలో.

వేరే కాగితం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా పొదుపు సంఘాల ద్వారా పనిచేస్తోంది. తొలకరికి ముందే నవధాన్యాలు విత్తి నేలను పచ్చగా కప్పే పద్ధతి అనంతపురం మెట్ట భూముల్లో పాకింది ఈ సంఘాల వల్లే. ఎవరు ఏ పొలం చేస్తున్నారో, ఎవరు యూరియా మానేశారో సంఘంలో ఆడవాళ్లకు తెలిసినంత రెవెన్యూ రికార్డుకు తెలియదు. ఐర్లాండ్‌లో మార్కులు వేసే మనిషి చేసే పనిని ఇక్కడ ఊరి సంఘమే చేయగలదు. దానికి స్థిరమైన సొమ్ము కావాలి. ఆ కార్యక్రమం జర్మనీ అభివృద్ధి బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చిందంటే, లీటరుకు రెండున్నర చొప్పున వసూలయ్యే సెస్సు దానికి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.

ఈ మధ్య వినపడే కార్బన్ క్రెడిట్లు వేరే సంగతి. అవి ప్రభుత్వ పన్ను కాదు, కంపెనీలు కొనుక్కునే కాగితాలు. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ప్రధానంగా పరిశ్రమల కోసం. రైతుల క్రెడిట్లకు వ్యవసాయ శాఖ 2024లో ఒక విధానం ప్రకటించింది. అందులోనూ ముందు వచ్చే ప్రశ్న భూమి ఎవరిదనే.

కౌలుదారును గుర్తించే కాగితం చట్టంలో ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలలకు సాగు హక్కుల పత్రం ఇస్తామంది. దానివల్ల భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని స్పష్టంగా రాశారు. కానీ ఆ పత్రానికి యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం చేస్తే రేపు పొలం తిరిగి రాదేమోనన్న భయంతో చాలామంది యజమానులు చేయరు. 11 నెలలు కాగానే మళ్లీ కొత్తగా అడగాలి. అడగడానికి యజమాని ఊళ్లో ఉండాలి కదా, ఆయన పండక్కో, శనివారం పొద్దున దిగే ఆ బస్సులోనో వస్తాడు, ఆదివారం రాత్రికి మళ్లీ బెంగళూరు బస్సెక్కుతాడు.